మారుతాళం

రండి లోపలికి, వానలో నిలబడకండి. చెప్పులు ఆ గట్టు మీద పెట్టండి. కింద వదిలితే సాయంత్రానికి నింపురా యార్డు వైపు తేలిపోతాయి. ఖరగ్‌పూర్ మలంచాలో జూలై వచ్చిందంటే రోడ్డు, కాలవ, గుమ్మం మూడూ ఒకే మట్టానికి వస్తాయి. బాలాజీ మందిర్ పల్లి మీదుగా వచ్చుంటే గుడి మైకు మీ చెవిలో ఇంకా మోగుతూనే ఉండాలి. ఇవాళ 2025 జూలై 20, ఆషాఢంలో ఆఖరి ఆదివారం. పొద్దున్న ఏడూముప్పావు.

ఇదే నా ఆఫీసు. ఒక బల్ల, రెండు స్క్రీన్లు, బల్ల కింద ఇన్వర్టరు, కిటికీ ఊచలకి మూణ్ణాళ్లుగా ఆరని తువ్వాలు. ఆ ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చోండి. గుయ్యిమంటున్నది ఫ్యాను, సర్వరు కాదు. సర్వర్లు పుణెలో ఉన్నాయి, ఎనిమిది. వాటిని నేనెప్పుడూ చూళ్లేదు. వాటికి డబ్బు కట్టేవాళ్లూ చూళ్లేదు. 2015లో మైక్రోసాఫ్టు వాళ్లు మన దేశంలో పుణె, చెన్నై, ముంబయిల్లో అజూర్ కేంద్రాలు తెరిచారు. ఆ పుణె కేంద్రంలో అద్దెకి తీసుకున్న వర్చువల్ మిషన్లివి. అద్దె ఆటో మీటరులాగా తిరుగుతూ ఉంటుంది.

ఆ అద్దె కట్టేది ఒక మందుల తయారీ కంపెనీ. పేరు చెప్పను. వాళ్ల ఫ్యాక్టరీలో ఏ మందు ఎలా కలపాలి, ఏ పాత్ర ఎన్నిసార్లు కడగాలి, ఎవరి తరవాత ఎవరు సంతకం పెట్టాలి అన్న కాగితాలన్నీ మైక్రోసాఫ్టు వాళ్ల షేర్‌పాయింట్ మీద ఉంటాయి. ఒకరు పత్రం తీసుకుని దిద్దుతుంటే రెండోవాళ్లు ముట్టుకోకుండా తాళం పడుతుంది. దిద్దినప్పుడల్లా కొత్త వెర్షన్ నంబరు పడుతుంది. పైవాళ్లు ఆమోదిస్తే గాని కిందివాళ్లకి కనబడదు. రాత్రి షిఫ్టులో ఎవరైనా పాత వెర్షన్ చూసి మందు కలిపితే ఆ బ్యాచ్ మొత్తం పారబొయ్యాల్సిందే. ఇది నిద్రపోకుండా చూసుకోవడమే నా ఉద్యోగం.

మరి మైక్రోసాఫ్టు వాళ్లే నడిపే షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌లోకి పోవచ్చుగా అంటారు. అందరూ అంటారు. ఈ కంపెనీకి ఏళ్ల కిందట ఎవరో రాసిచ్చిన ఆమోదాల ప్రోగ్రాము ఒకటుంది. అది సర్వరు కడుపులోకంటా చెయ్యి పెడుతుంది. అలాంటి సొంత కోడ్‌ని ఆన్‌లైన్‌లోకి రానివ్వరు. మళ్లీ రాయించాలంటే తనిఖీలన్నీ మళ్లీ మొదటికొస్తాయి. అందుకని మధ్యేమార్గం పట్టారు. ఇల్లు అద్దెది, సంసారం మనది. పేజీలు అందించే ఫ్రంట్ ఎండ్‌లు రెండు, వెనక వెతుకులాట వగైరా చూసే అప్లికేషన్ సర్వర్లు రెండు, డేటా దాచే ఎస్‌క్యూఎల్ సర్వర్లు రెండు, ఎవరు ఎవరో గుర్తుపట్టే డొమైన్ కంట్రోలర్లు రెండు. కాడెద్దుల్లాగా అన్నీ జంటలే. ఒకటి కూలబడితే రెండోది బండి లాగాలి.

అదిగో, ఫోను. హైదరాబాద్ నుంచి. మా డేటాబేస్ చూసే అమ్మాయి.

"అన్నా, మైక్రోసాఫ్టోళ్లు పెట్టింది చూసినవా? షేర్‌పాయింట్ మీద జీరో డే అంట. ప్యాచ్ ఇంక లేదంట."

వెనక డప్పులు. ఇవాళ వాళ్లకి లాల్ దర్వాజ బోనాలు. ఆమె అత్తగారిల్లు ఆ పక్కనే.

"చూస్తన్నా. నువ్వెప్పటికి లాగిన్ అవగలవమ్మా?"

"బోనం ఎత్తి అమ్మవారికి సమర్పించి వస్తనన్నా. గంటన్నర."

కుర్చీ ఇంకొంచెం దగ్గరికి జరపండి, కలిసి చదువుదాం. లోపం పేరు సీవీఈ-2025-53770. దీని పుట్టుక మే నెలది. బెర్లిన్‌లో పోన్‌టుఓన్ అని పోటీ పెడతారు. సాఫ్ట్‌వేర్ బద్దలుకొట్టి చూపిస్తే బహుమానం ఇస్తారు. వియత్నాం కుర్రాడొకడు అక్కడ షేర్‌పాయింట్‌ని పడగొట్టి లక్ష డాలర్లు పట్టుకెళ్లాడు. జూలై 8న మైక్రోసాఫ్టు ఆ కన్నానికి మట్టి మెత్తింది. సరిగ్గా మెత్తలేదు. పది రోజులు తిరక్కుండానే, 18వ తేదీ రాత్రి, దొంగలు పక్కనుంచి గోకి లోపలికి దూరుతున్నారని ఒక డచ్చి భద్రతా కంపెనీ కనిపెట్టింది. దూరింది ఎవరి ఇళ్లల్లో అంటే సరిగ్గా మనలాంటి వాళ్ల ఇళ్లల్లో. షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌కి ఏం కాలేదు. సొంతంగా నడుపుకునేవాళ్లకే ముప్పు. మిషను ఆఫీసు గదిలో ఉన్నా ఒకటే, పుణె మేఘంలో ఉన్నా ఒకటే.

ఎలా దూరారో చెబితే నవ్వొస్తుంది. పెళ్లి భోజనాల దగ్గర తడిచేతులతో బయటికొస్తున్నవాణ్ణి ఎవరి తరఫు బాబూ అని ఎవరూ అడగరు కదా. వీడు చెయ్యి తడుపుకుని లోపలికి నడిచాడు. సర్వరుకి ఒక అభ్యర్థన పంపుతూ, నేను సైన్‌అవుట్ పేజీ నుంచి వస్తున్నానని నుదుట రాసుకున్నాడు. సైన్‌అవుట్ అయ్యేవాణ్ణి పాస్‌వర్డ్ అడగడం దేనికని సర్వరు వదిలేసింది. వాడు తిన్నగా టూల్‌పేన్ అనే పేజీకి పోయి తన కోడ్‌ని నడిపించుకున్నాడు.

అంతవరకైతే తలుపు బాగుచేసుకుని ఊరుకోవచ్చు. వీడు పోతూ పోతూ తాళంచెవి అచ్చు తీసుకుపోయాడు. షేర్‌పాయింట్ పేజీల్లో వ్యూస్టేట్ అని కంటికి కనబడని చీటీ ఒకటి ఉంటుంది. మీరు నింపుతున్న ఫారం ఏ దశలో ఉందో అందులో ఉంటుంది. ఆ చీటీ నేనిచ్చిందేనని గుర్తుపట్టడానికి సర్వరు దాని మీద ముద్ర వేస్తుంది. ఆ ముద్రే మెషీన్ కీ. అది చేతిలో ఉన్నవాడు ఇష్టమొచ్చిన చీటీ రాసి ముద్ర వేసి పంపితే, నా చీటీయే కదా అని సర్వరు నమ్మి లోపలున్నదాన్ని నడిపేస్తుంది. రేపు ప్యాచ్ వచ్చి తలుపు బిగించినా, మారుతాళంచెవి వాడి జేబులోనే ఉంటుంది.

చేతులు వణుకుతున్నాయా అని చూడకండి. కొంచెం వణుకుతున్నాయి.

మొదట చూడాల్సింది ఏఎంఎస్‌ఐ. సర్వరుకి వచ్చే అభ్యర్థనల్ని నడవకముందే డిఫెండర్ యాంటీవైరస్ చేత వాసన చూపించే ఏర్పాటది. అది ఉంటే ఈ దాడి ఆగే అవకాశం ఉందంటున్నారు. మన ఫార్మ్‌లో, అంటే ఈ సర్వర్ల గుంపులో, వెబ్ అప్లికేషన్లు రెండు. ఫ్యాక్టరీవాళ్లది ఒకటి, బయటి సరఫరాదారులది ఒకటి. ఫ్యాక్టరీ దాని మీద... ఉంది. సరఫరాదారుల దాని మీద... లేదు. ఏప్రిల్‌లో, ఫైళ్లు ఎక్కడం నెమ్మదించిందని ఫిర్యాదు వస్తే తాత్కాలికంగా తీసేశారు. ఆ టికెట్టు తెరిచి చూపిస్తానుండండి. ఆమోదం అన్న గడిలో ఉన్న పేరు నాది.

తాత్కాలికం అన్న మాట మా వృత్తిలో ఎంతకాలం బతుకుతుందో చెప్పలేం.

"ఏట్రా, ఆదివారం పూట ఆ మొహం?" మా నాన్న. చేతిలో గొడుగు, సంచీ. గోల్ బజారు బయల్దేరాడు. మనిషిని చూసి మోసపోకండి. రైల్వే సిగ్నల్, టెలికాం విభాగంలో ముప్పయ్యేళ్లు సిగ్నల్ మెయింటెయినరు. మా ముత్తాత టెక్కలి అవతలి పల్లెనుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపులో కూలికొచ్చాడు. వి.వి.గిరి ఈ బి.ఎన్.ఆర్. కార్మికుల్ని కూడగట్టి సమ్మె నడిపించిన రోజుల్ని మా తాత కథలు కథలుగా చెప్పేవాడు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖలనుంచి అలా వచ్చి పాతుకుపోయిన వాళ్లం ఎంతమందిమంటే, 2020 డిసెంబరులో బెంగాల్ ప్రభుత్వం తెలుగుకి అధికార భాష హోదా ఇచ్చింది. మా నాన్న తెలుగులో తిడతాడు, హిందీలో బేరమాడతాడు, బెంగాలీలో రాజకీయాలు మాట్లాడతాడు.

"సర్వర్లలోకి దొంగలు దూరుంటారని అనుమానం నాన్నా. దానికి మందు, అదే ప్యాచ్, ఇంకా రాలేదు."

"మైక్రోసాఫ్టు నాదెళ్ళ మనోడే కదేటి, ఓ మాట సెప్పలేవా?" అని నవ్వి, నా మొహం చూసి ఆపేశాడు. "మరైతే లైను ఇడగొట్టు. డిస్‌కనెక్షన్ మెమో ఇచ్చావా?"

మీకు తెలియకపోవచ్చు, చెబుతాను. సిగ్నల్ వాళ్లు ఏ పాయింటు మీద చెయ్యి వెయ్యాలన్నా ముందు స్టేషన్ మాస్టరుకి టి/351 అని కాగితం ఇవ్వాలి. ఫలానా గేరు ఇన్ని గంటలనుంచి పని చెయ్యదు, మీకు తెలియజేశాను అని. ఆయన సంతకం పెట్టాకే స్క్రూడ్రైవరు బయటికి తియ్యాలి. పనయ్యాక పరీక్షించి రీకనెక్షన్ ఇవ్వాలి, దాని మీదా సంతకాలుండాలి. మా ఇంట్లో నీళ్ల మోటారు విప్పినా మా అమ్మకి నోటి మాట మెమో ఇచ్చే మనిషి ఆయన.

మన స్టేషన్ మాస్టరు కంపెనీ ఐటీ పెద్దాయన. ఫోను స్పీకర్లో పెడతాను, మీరు మాట్లాడకండి.

"సార్, క్షమించాలి, ఆదివారం. బయటి ఇంటర్నెట్ నుంచి వచ్చే దారి ఇప్పుడే మూసెయ్యాలి. సరఫరాదారులు లోపలికి రాలేరు. ఫ్యాక్టరీకి ఇబ్బంది ఉండదు, వాళ్లు వీపీఎన్ లైన్లో వస్తారు కాబట్టి."

"అదేంటండీ, మనం క్లౌడ్‌లో ఉన్నాం కదా. అదంతా మైక్రోసాఫ్టు వాళ్లే చూసుకుంటారని కదా అక్కడికి మార్చింది?"

ఈ ప్రశ్న నేను వందసార్లు విన్నాను. జవాబు వందరకాలుగా చెప్పాను. ఇవాళ ఓపికతో చెప్పాలి. "భవనం, కరెంటు, డిస్కులు, పాడైన మిషను బదులు ఇంకోటి ఇవ్వడం, ఇవి వాళ్లవి సార్. మిషన్లో విండోస్ నుంచి పైకి ఉన్నదంతా మనది. అద్దింటి తాళం మనమే వేసుకోవాలి."

నిశ్శబ్దం. తరవాత: "ఎప్పటిదాకా?"

"మందు వచ్చేదాకా. ఎప్పుడొస్తుందో తెలీదు."

"రేపు సోమవారం. పొద్దున్నే ఆర్డర్ల కాగితాలు ఎక్కించుకుంటారు వాళ్లు."

"తెలుసు సార్."

"సరే మూసెయ్యండి. మెయిల్ పెట్టండి, నేను ఒప్పుకున్నట్టు జవాబిస్తాను."

మెమో చేతికొచ్చింది. ఇటు చూడండి. నెట్‌వర్క్ సెక్యూరిటీ గ్రూప్‌లో కొత్త రూలు: సోర్స్ ఇంటర్నెట్, పోర్టు 443, డినై, ప్రయారిటీ 100. ఇక్కడ అంకె చిన్నదైతే మాట పెద్దది. 100 కంటే చిన్నది మనకి ఇవ్వరు. సేవ్ నొక్కాను. ఎక్కడో ఏ తలుపూ చప్పుడు చెయ్యలేదు. నా మొబైల్ డేటా మీద సైటు తెరవండి. తిరుగుతోంది... తిరుగుతోంది... రాదు. ఎనిమిదీ నలభై రెండు అని నోట్‌బుక్‌లో రాస్తున్నాను. అవును, కాగితం నోట్‌బుక్కే. సర్వరు పోయిన రోజున సర్వర్లో రాసుకున్న నోట్సు ఎందుకు పనికొస్తుంది?

ఇప్పుడు లాగులు. ఇదే అసలు బాధ. ఫ్రంట్ ఎండ్‌లు రెండింటి మీదా వెబ్ సర్వరు ఐఐఎస్ రాసుకునే లాగులు లక్షల వరసలు. వెతకాల్సిన ముక్కలు రెండు: టూల్‌పేన్‌కి వచ్చిన పోస్టు అభ్యర్థన, పక్కన వాడు నుదుట రాసుకున్న ఆ సైన్‌అవుట్ రిఫరర్. ఫైలు కూడా ఒకటి చెబుతున్నారు, స్పిన్‌ఇన్‌స్టాల్0 అని. దొంగ తాళంచెవి అచ్చు తియ్యడానికి పెట్టి పోయే సాధనం అది. ముందు ఫైలు. ఒకటో ఫ్రంట్ ఎండ్, లేఅవుట్స్ ఫోల్డరు... లేదు. రెండోది... లేదు. ఊపిరి పీల్చుకోకండి, ఇంకా ఉంది. లాగులు. ఒకటో దాంట్లో ఏమీ లేదు. రెండో దాంట్లో...

ఒక వరస.

జూలై 19, ఏడూ నలభై. ఐఐఎస్ లాగులు యూటీసీలో ఉంటాయి, మనకి అయిదున్నర గంటలు కలపాలి. శనివారం మధ్యాహ్నం ఒంటిగంటా పది. నిన్న ఆ టైముకి ఈ గది పక్కనే కూర్చుని పెరుగన్నంలో మామిడిపండు పిసుక్కుంటున్నాను. ఒకే ఒక్క వరస. టూల్‌పేన్, పోస్టు, సైన్‌అవుట్ రిఫరర్. ఏ వెబ్ అప్లికేషన్‌కి అనుకున్నారు? ఏఎంఎస్‌ఐ తీసేసిందానికి.

దాని తరవాత ఏమైంది? ఏ ఫైలూ పెట్టలేదు. అంటే లోపలికి రాలేకపోయాడా, లేక ఫైలు పెట్టకుండానే సర్వరు మెమరీలోంచి కీ చదువుకుని పోయాడా? రెండోది కూడా సాధ్యమే. ఆనవాలు దొరకలేదు కాబట్టి దొంగ రాలేదని సర్ది చెప్పుకోవడం చాలా తేలిక, ఆదివారం పూట మరీ తేలిక. నేను ఇలా రాస్తున్నాను చూడండి: "కీ పోయినట్టే లెక్క." దీని కింద గీత గీశాను, తరవాత నాకే మనసు మారకుండా.

పదిన్నరకి అమ్మాయి లాగిన్ అయింది. నుదుటి మీద పసుపుతో వీడియోలో కనబడి మాయమైంది. ఎస్‌క్యూఎల్‌లో కొత్త లాగిన్లు ఎవరైనా చేరారా, మూసి ఉండాల్సిన ఎక్స్‌పీకమాండ్‌షెల్ ఎవరైనా తెరిచారా అని వెతికింది. "క్లీన్ ఉందన్నా. ఫుల్ బ్యాకప్ పెడుతున్న, లాగ్ బ్యాకప్‌లు పావుగంటకోటి." నేనిటు రెండో ఫ్రంట్ ఎండ్‌ని పక్కకి తీసి, దాని డిస్కులకి స్నాప్‌షాట్లు తీస్తున్నాను. రేపెవరైనా పోలీసుల్లా వచ్చి అడిగితే దొంగ కాళ్ల గుర్తులు చెదరకుండా ఉండాలి. తరవాత మెషీన్ కీలు మార్చాలి, ఒకసారి ఇప్పుడే. ప్యాచ్ పడ్డాక మళ్లీ. ముందొకసారి, వెనకొకసారి. కన్నం పూడ్చకముందు మార్చిన తాళానికి ఇంకో అచ్చు తియ్యొచ్చు గదా.

ఆగండి, మార్చేముందు ఒక చిన్న పని. లోపలి లైన్లోంచి సరఫరాదారుల సైట్లో ఒక ఫారం తెరిచి, నింపకుండా, ఈ ట్యాబ్‌ని ఇలాగే వదిలేస్తున్నాను. పాత ముద్ర ఉన్న చీటీ అందులో ఉంది. ఎందుకో రేపు చెబుతాను. ఎవరూ దీన్ని మూసెయ్యకండి.

ఇప్పుడు కీలు మార్చి ఐఐఎస్ తిరిగి లేపాం. పదకొండూ పది. రెండు నిమిషాలకి ఫ్యాక్టరీ నుంచి ఫోను. ఒక సూపర్‌వైజరు సగం నింపిన ఫారం ఎర్రర్ కొట్టింది. పాత ముద్ర చీటీని కొత్త కీ ఉన్న సర్వరు తిప్పికొట్టింది కదా. "అరగంట కష్టపడి నింపాను సార్." నిజమే పాపం. తప్పు నాది, ముందే చెప్పాల్సింది. మెమోలో ఫ్యాక్టరీ షిఫ్టు ఇన్‌చార్జి పేరు లేదు. రాసుకుంటున్నాను.

మధ్యాహ్నం అన్నం మీరిక్కడే తినాలి. మా నాన్న ఇలిష్ తెచ్చాడు. ధర అడక్కండి, మా అమ్మకి చెప్పిన ధర ఒకటి, నాకు చెప్పింది ఒకటి. "గోదారి ఎక్కితే పులస, హుగ్లీ ఎక్కితే ఇలిష్. సేపకేటి తెలుసు ఏ ఊరిదో," అంటాడు. మా అమ్మ పులుసులో ఆవ కూడా వేస్తుంది, బెంగాలీ పొరుగింటి నుంచి పట్టిన విద్య.

స్నాప్‌షాట్లు నడుస్తుండగా ఒక పాత కథ చెబుతాను. ఈ అద్దె మిషన్లలో కొన్నిటికి డి అని ఒక డ్రైవు వస్తుంది, ఉచితం, మహా వేగం. దాని మీద ఒక ఫైలు ఉంటుంది, పేరు డేటాలాస్ వార్నింగ్ రీడ్‌మీ. ఇది తాత్కాలికం బాబూ, ఇక్కడ ఏదీ దాచుకోకు అని. మిషన్‌ని పూర్తిగా వదిలేసి మళ్లీ తెచ్చుకుంటే అది ఖాళీగా వస్తుంది. ఎస్‌క్యూఎల్ టెంప్‌డీబీ లాంటి చిత్తుకాగితాలకి బంగారం. నాకంటే ముందు ఇంకో చోట పని చూసినాయన వేగంగా ఉంది కదా అని సెర్చ్ ఇండెక్స్ మొత్తం దాని మీద పెట్టాడు. ఇంకొకాయన ఖర్చు తగ్గిద్దామని శనివారం రాత్రి మిషన్లు ఆపాడు. సోమవారం పొద్దున్న ఆ సంస్థలో ఎవరు ఏది వెతికినా ఒక్కటీ దొరకలేదు. మొదటినుంచి క్రాల్ చేయించడానికి నాలుగు రోజులు పట్టింది. ఖర్చు తగ్గించడంలోనూ ఒక తిరకాసుంది. విండోస్ లోపలినుంచి షట్‌డౌన్ నొక్కితే మిషను ఆగుతుంది, మీటరు ఆగదు. పోర్టల్లోంచి డీఅలొకేట్ చేస్తేనే అద్దె ఆగుతుంది. ఆటో దిగినంత మాత్రాన సరిపోదు, ఆటోవాణ్ణి పొమ్మనాలి కూడా.

సాయంత్రం వాన ఆగి కప్పలు మొదలెట్టాయి. ఆలూ చాప్, ముడి వచ్చాయి. మరమరాలని ఇక్కడ ముడి అంటారు, మేదినీపూర్ మొత్తం దాని మీదే నడుస్తుంది. రాత్రి తొమ్మిది. పదకొండు. ప్యాచ్ లేదు. నింపురా యార్డులో వేగన్లు గుద్దుకునే చప్పుడు మీకు కొత్త, నిద్ర పట్టదు. నాకది లేకపోతే పట్టదు. మీరు ఆ దివాన్ మీద నడుం వాల్చండి. నేను అరగంటకోసారి లేచి రిఫ్రెష్ నొక్కుతుంటాను.

లేవండి. సోమవారం, తెల్లారింది. వచ్చింది! సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌కి ప్యాచ్ వచ్చింది. మనది అదే, అదృష్టం. 2016 వెర్షన్ వాళ్లు ఇంకా వాకిట్లోనే నిలబడ్డారు.

మా నాన్న ఇవాళ స్టేషన్ వైపు పోయి వచ్చాడు. జూలై 21, కోల్‌కతాలో తృణమూల్ వాళ్ల సభ. హౌరా బళ్లలో ఇసకేస్తే రాలడం లేదట. మా ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది, 1,072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని దాటేశాయి. అదిప్పటికీ మా నాన్నకి సొంత ఓటమే.

పని మొదలు. వరస తప్పకూడదు. ముందు నాలుగు షేర్‌పాయింట్ సర్వర్ల మీదా బైనరీలు ఎక్కించాలి, జంటలో ఒకటి పనిలో ఉండగా రెండోదాని మీద. లోడ్ బ్యాలెన్సరు నుంచి ఒకటి తప్పించు, దాని మీది డిస్ట్రిబ్యూటెడ్ క్యాష్‌ని మర్యాదగా ఆపు, ప్యాచ్ వెయ్యి, రీస్టార్ట్, మళ్లీ చేర్చు, తరవాతది. మర్యాదగా అన్న మాట ఊరికే అనలేదు. గభాలున ఆపితే అందులో ఉన్న లాగిన్ గుర్తులు పోయి జనం మళ్లీ పాస్‌వర్డ్ కొట్టుకోవాలి. నాలుగూ అయ్యాక పీఎస్‌కాన్ఫిగ్, ఒక్కో సర్వరు మీద, ఒకటి ముగిశాకే ఇంకోటి. మొదటిసారి నడిచినప్పుడు డేటాబేసుల్ని కూడా కొత్త రూపానికి మారుస్తుంది. ఆ నల్లటి కిటికీలో శాతాలు చూడండి. 40. 41. 41. 41. ఇక్కడ చాలామంది గుండె జారి కిటికీ మూసేస్తారు. మూయకూడదు. టీ తాగాలి.

42.

మధ్యాహ్నం రెండున్నరకి నాలుగూ ముగిశాయి. కీలు రెండోసారి మార్చాం, ఈసారి షిఫ్టు ఇన్‌చార్జికి ముందే చెప్పి. సరఫరాదారుల అప్లికేషన్ మీద ఏఎంఎస్‌ఐ తిరిగి పెట్టాను. పాత టికెట్టు కింద ఎందుకు పెట్టానో రాశాను, ఏప్రిల్‌లో తియ్యడానికి ఎందుకు ఒప్పుకున్నానో కూడా.

ఇక తెరిచెయ్యొచ్చా? ఐటీ పెద్దాయన మూడుసార్లు ఫోన్ చేశాడు. నా వేలు ఆ డినై రూలు మీదే ఉంది.

"ఏట్రా, కలిపేస్తన్నావా?" నాన్న గుమ్మంలో. "తిప్పి సూశావా?"

ఆయన గొంతు ఎందుకలా మారిందో మీకు చెప్పాలి. 2017 నవంబరులో ఖరగ్‌పూర్‌లో 800 రూట్ల ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ పెట్టినప్పుడు పానెల్లో చూపించేదీ, బయట పట్టాల మీద ఉన్నదీ ఒకటేనా అని ఒక్కో పాయింటూ తిప్పించి చూశారు. ఆ రోజులు ఆయనకి పండగ. 2023 జూన్ 2 ఇంకో రకం రోజు. ఆ రోజు రైలు ప్రమాదం జరిగిన బహానగా బజార్ మా డివిజన్‌లోదే. కోరమండల్ ఎక్స్‌ప్రెస్ మా స్టేషన్ దాటి పోయిన బండే. సిగ్నల్ మెయిన్ లైన్‌కి ఇచ్చారు, పాయింటు లూప్ లైన్‌కి ఉంది. 290 మందికి పైగా పోయారు. సిగ్నల్ తీగెలు కలపడంలో పొరపాటని రైల్వే భద్రతా కమిషనర్ తేల్చారు. అప్పటికే రిటైరైన మా నాన్న ఆ వారమంతా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. నా సర్వర్ల మీద ఎవరూ ప్రయాణం చెయ్యరు. ఆ రెండిటినీ ఒకే గాట కట్టేంత పొగరు నాకు లేదు. అయినా ఆయన అడిగిన ప్రశ్న నన్నే అడిగాడు.

తిప్పి చూద్దాం రండి. నిన్న మూయొద్దన్న ట్యాబ్ ఉందా? ఇదిగో. నిన్న పొద్దుటి ఫారం, పాత ముద్ర చీటీతో. దొంగ దగ్గర ఉన్నది ఇదే ముద్ర. ఇప్పుడు సబ్మిట్ నొక్కుతున్నాను. దీన్ని సర్వరు పుచ్చుకుందంటే మనం నిన్నటినుంచి చేసిందంతా వృథా.

ఎర్రర్. వ్యూస్టేట్ సరిపోలలేదు పొమ్మంది.

ఎర్రర్ చూసి మా ఇంట్లో చప్పట్లు కొట్టడం ఇదే మొదటిసారి. రెండో ఫ్రంట్ ఎండ్ మీద కూడా అదే తిరస్కారం. కొత్త ఫారం తెరిచి నింపితే వెళ్తోంది. టూల్‌పేన్‌కి తడిచేతులతో నేనే పోయి చూశాను, ఈసారి ఎవరి తరఫని అడిగింది. అమ్మాయి, పుణెకి ఏమైనా అయితే అక్కరకొస్తుందని చెన్నైలో ఉంచిన మా డేటా ప్రతిని చూసి, "రెప్లికేషన్ మంచిగనే ఉందన్నా, నేనిక పడుకుంట" అంది. నిన్నటి బోనాల డప్పులు ఇంకా తలలో మోగుతున్నాయట.

నాలుగూ పది. డినై రూలు తీసేశాను. మీ ఫోన్లో సైటు తెరవండి. వచ్చిందా? లాగులో చూడండి, బయటినుంచి మొదటి మనిషి లోపలికొచ్చాడు, పాస్‌వర్డ్ తప్పు కొట్టి, మళ్లీ కొట్టి. ఎవరో సరఫరాదారు. ఇన్వాయిస్ ఎక్కిస్తున్నాడు.

ఫోను. ఐటీ పెద్దాయనే. మెచ్చుకుంటాడనుకుంటున్నారా?

"అంతా బాగానే ఉందండీ. హోమ్ పేజీలో మన కంపెనీ లోగో రావట్లేదు, ఎండీ గారు అడుగుతున్నారు."

చూస్తాను సార్. క్యాష్ అయ్యుంటుంది సార్.

నాన్న నా నోట్‌బుక్ తీసుకుని కళ్లజోడు పైకెత్తి చదువుతున్నాడు. ఆదివారం ఎనిమిదీ నలభై రెండు, మూశాం. సోమవారం నాలుగూ పది, తెరిచాం. మధ్యలో నా కోడిగీతలు, ఇలిష్ పులుసు మరక. ఆఖరి వరస మీద వేలు పెట్టి ఆగాడు.

"రీకనెక్షన్ రాశావు. సంతకం ఏదిరా?"

నిజమే. ఈ పెన్ను తడికి రాయడం లేదు. మీ జేబులో పెన్నుందా?